గోడ మీది ఎచ్చరికె

మా ఆయన దేవరాజ్‌కు ఊరికే వస్తుందంటే చాలు, ముందూ వెనకా చూడడు. మిట్టేమరి బస్టాపు ఎదురుగా ఉన్న మా గోడకు ఊరికే రంగు వేస్తామని ఎవరో వస్తే, సరేనన్నాడట. నేను చింతామణి నుంచి వచ్చి బస్సు దిగేసరికి గోడ నిండా పేకముక్కలు, వాటి మధ్య పళ్ళికిలిస్తున్న కుర్రాడు, ఫోనులో రమ్మీ ఆడి రాజువైపొమ్మని పిలుపు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి? పట్టుగూళ్ళు అమ్మగా వచ్చినదంతా మా మరిది గిరీశ్ ఆ ఆటలోనే తగలేశాడు. వాడి పెళ్ళాం రక్షిత గుడిబండెలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆట మానేశాడని నేను మాటిస్తేనే తిరిగొస్తానంది. వాడు ఆటను ఫోనులోంచి తీసేశాడు గానీ, రోజూ ఆ గోడ పక్కనుంచే మల్బరీ తోటకు పోవాలి. పైగా రెండో తరగతి చదివే మా అమ్మాయి సహన ఆ గోడ మీదే కన్నడం కూడబలుక్కుంటోంది.

మా ఆయన్ని నిలదీస్తే, రంగు బాగుంది కదా అన్నాడు. ఈయనతో వేగలేక పంచాయతీ మెంబరు మునికృష్ణప్పను పిలుచుకొచ్చాను. ఆయన గోడ అడుగున చీమల బారులా ఉన్న కన్నడ అక్షరాలు చూపించాడు. 'ఎచ్చరికెయింద ఆడి' అని రాశారు, జాగ్రత్తగా ఆడమని వాళ్ళే చెప్పాక మనమేం చేయగలం అన్నాడు. ఆ జాగ్రత్త కనబడాలంటే గోడ ముందు బోర్లా పడుకోవాలి.

కన్నడంలో ఎచ్చర అంటే మెలకువ కూడా. సహనకు తెలిసిన అర్థం అదొక్కటే. అప్పుడే తోటకు పోతూ అటుగా వచ్చిన చిన్నాయన చెయ్యి పట్టుకుని అడిగింది.

"చిన్నాయనా, నిద్రపోకుండా ఆడమని రాసుండారా?"

గిరీశ్ తల వంచుకున్నాడు. "అవును పాపా. నేను అట్లనే ఆడితిని."

మెంబరు గొంతు సవరించుకుని, పనుందని వెళ్ళిపోయాడు. నేనిక ఎవర్నీ బతిమాలలేదు. బకెట్‌లో సున్నం కలిపి, మా ఆయన గొణుగుతున్నా వినకుండా గోడంతా కొట్టేశాను. గిరీశ్ కూడా ఒక చెయ్యి వేస్తాడనుకున్నాను. చూస్తూ నిలబడ్డాడే కానీ కదల్లేదు. పని ముగించి, ఇక రక్షితకు ఫోన్ చేసి రమ్మంటానని చెప్పాను.

వాడు జేబులోంచి తన ఫోను తీసి నా సున్నపు చేతిలో పెట్టాడు.

"ఇప్పుడే పిలవద్దు వదినా. గోడ మీద ఆ బొమ్మ రాసిన దినమే ఆటను దీంట్లోకి మళ్ళా ఎక్కించుకుంటిని."