ఆకుపచ్చ వైరు చుట్టిన క్యారియర్

ఇద్దరు తోడికోడళ్ళ కథగా 1998లో టీవీ కోసం నేను దర్శకత్వం వహించిన ఆరు అరగంట నాటికలను ఒక సంస్థ ఇప్పుడు శుభ్రం చేయించి ఫోన్లలో చూపించబోతోంది. వాటిని చూసి సరేననడానికి నిన్న ఫిలింనగర్‌లోని ఎడిటింగ్ గదికి వెళ్ళాను. చిన్న తోడికోడలిగా నటించిన శేషారత్నాన్ని వెంటబెట్టుకు వెళ్ళింది కూడా నేనే.

ఆ రోజుల్లో జూబ్లీహిల్స్‌లో ఇంకా బండరాళ్ళు మిగిలి ఉండేవి. వాటి మధ్య అద్దెకు తీసుకున్న ఇంటి హాల్లో ఒకే కెమెరాతో పని చేసేవాళ్ళం. మధ్యాహ్నం అందరి క్యారియర్లూ ఒకే చాప మీద విప్పేవారు. ఎవరి క్యారియర్ ఏదో మూత చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని.

ఎడిటర్ ప్రణతి మూడో భాగంలోని ఆ దృశ్యం వేసింది. అందులో మాటలు లేవు. తోడికోడళ్ళిద్దరూ గంజి పెట్టిన చీరను చెరొక కొస పట్టుకొని మడత పెడతారు. ప్రతి మడతకూ దగ్గరకు రావాలి, కొస అందించాలి, మళ్ళీ వెనక్కి జరగాలి. ముఖాలు మాత్రం చూసుకోరు. నాలుగో మడతకు వేళ్ళు తగులుతాయి. అప్పుడు చిన్నది చీరను అందుకోదు, లాక్కుంటుంది. నాకు వచ్చిన పేరంతా ఆ నిమిషన్నర వల్ల వచ్చిందే.

"నా నడుము చూశావా అమ్మా? ఇప్పుడు వెతుక్కోవాలి," అంది రత్నం.

"మస్తున్నరు ఆంటీ!" అని నవ్వి, ప్రణతి బొమ్మను ఆపింది. "మేడమ్, జర గీడ చూడండి. వెనుక షెల్ఫు మీద క్యారియర్ ఉంది, తర్వాతి షాట్ల లేదు. పాత టేపుల మసకగ ఉండె, సాఫ్ చేసినంక కనవడుతది. తీసెయ్యాల్నా?"

అది అక్కడ ఎందుకుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

షూటింగ్‌కు ముందు రోజు మేకప్ గదిలో పెద్ద తోడికోడలి వేషం వేసిన నాగేశ్వరి, "రత్నం ఏడవాలంటే గ్లిజరిన్ సీసా చాలదు, బిందె కావాలి," అంది. అందరూ నవ్వారు. రత్నం నవ్వలేదు, ఇక దాని ముఖం చూడనంది. మర్నాడు పొద్దున్నే నాగేశ్వరి నా చేతికి క్యారియర్ ఇచ్చింది. "ఉలవచారు మేడమ్. ఇది చూస్తే దాని కోపం నిలవదు. షాట్‌కి ముందే ఇవ్వండి, ప్లీజ్."

ఇస్తే ఇద్దరూ నవ్వేస్తారు. నవ్వితే ఆ దృశ్యం ఉండదు. అందుకని దానిని షెల్ఫు మీద పెట్టి, కెమెరా వెయ్యమన్నాను. షాట్ అయిన వెంటనే రత్నం మేకప్ తుడుచుకోకుండానే ఆటో ఎక్కి కృష్ణానగర్ వెళ్ళిపోయింది. సాయంత్రం నిండు క్యారియర్‌ను చూసి నాగేశ్వరి, "ముట్టుకోలేదా?" అంది. "లేదు," అన్నాను. ఆ జవాబులో అబద్ధం లేదు. వాళ్ళను విడదీయడానికి మాత్రం అది సరిపోయింది. మిగిలిన మూడు భాగాలలోనూ వాళ్ళ ఎడం నాకు పనికివచ్చింది కనుక సరిదిద్దలేదు. ఆ తరువాత, సరిదిద్దకపోవడానికి ఆలస్యమే కారణమైంది.

రత్నం కళ్ళజోడు పెట్టుకొని తెర దగ్గరకు వంగింది. "పిడికి ఆకుపచ్చ వైరు... ఇది నాగి క్యారియర్ కదూ? అక్కడ దీనికేం పని?"

ప్రతి గురువారం మా ఇంటికి వచ్చి నాతో కాఫీ తాగే మనిషి రత్నం ఒక్కతే. సెట్ సామాను, తీసెయ్యమ్మా అంటే చాలు, ప్రణతి చెరిపేస్తుంది. నా గురువారాలు నాకు మిగులుతాయి.

"నీకోసం పంపింది," అన్నాను. "షాట్‌కు ముందే ఇమ్మంది. నేను ఇవ్వలేదు."

రత్నం తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఏం పంపింది?"

"ఉలవచారు."

"మీగడ వేసిందా?"

"మూత తీసి చూడలేదు."

"చూడాల్సింది," అంది. "చీర లాక్కున్నాను కదా, దాన్ని నటన అనుకున్నారా మీరు?"

"కాదని తెలుసు. అందుకే తీశాను."

"దానికి పొగరనుకున్నాను మేడమ్. ఇరవై ఏడేళ్ళు."

"నీకు పొగరని అదీ అనుకుంది."

రత్నం లేచి సంచి భుజాన వేసుకుంది. "శ్రీనగర్ కాలనీలోనే ఉంటోందా?"

"అక్కడే. పద, నేనూ వస్తాను. ఈ మాట నేనే చెప్పాలి."

"మీరొద్దు. మీ చేతికిస్తే ఏదైనా ఆలస్యమవుతుంది." తలుపు దగ్గర ఆగి ప్రణతితో అంది, "అది తీసెయ్యకు తల్లీ."

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఆగేదాకా విన్నాను.

"మరి తర్వాతి షాట్ల లేదు కద మేడమ్," అంది ప్రణతి మెల్లగా. "తప్పు కనవడుతది."

"కనపడనీ," అన్నాను.