ఖాళీ ప్లేటు

రోజూ పొద్దున్న టీచరమ్మ ల్యాప్‌టాప్ తెరిచే వేళకి వాళ్ళాయన పాలగిన్నె తెచ్చి ఆవిడ మోచేతి పక్కన పెట్టేవాడు.

"ఏమేవ్, మధ్యాహ్నానికి పెరుగు కావాలి. కాస్త గట్టిగా కానివ్వు" అనేవాడు.

కానివ్వడమంటే తిట్టడం. ఆవిడ ఎవర్నైనా ఈసడించుకుంటే చాలు, దగ్గర్లో ఉన్న సూక్ష్మజీవులకి ఎక్కడలేని హుషారూ వచ్చేది, పాలు తోడు వెయ్యకుండానే తోడుకునేవి. క్లాసులు లేని రోజున ఆయనే ఎదురుగా కూర్చుని, "పోనీ నన్నే నాలుగు అనవే" అని మొహం చూపించేవాడు. ఆ మొహానికి మాటలెందుకు, ఒక్క చూపుకే గిన్నె గట్టిపడేది.

ఆవిడ నేర్పేది ల్యాబు పని, అదీ ఆన్‌లైన్‌లో. నేర్చుకునేవాళ్ళ ఇళ్ళకి పోస్టులో ఓ పెట్టె వెళ్తుంది. అందులో సూక్ష్మజీవులకి మేతగా జిగురు పోసిన మూత ప్లేట్లు, ఒక తీగ, ఒక స్పిరిటు దీపం. తీగని మంటలో కాల్చి, చల్లార్చి, పెరుగులో ముంచి, జిగురు మీద గీతలు గీయాలి. రెండు రోజులకి గీత వెంబడే చుక్కలు మొలుస్తాయి. ఇంతే పని. ఈ ఇంతలోనే మన మేధావులు ఎన్ని విన్యాసాలు చేసేవారో చెప్పనలవి కాదు.

"అది తీగా, పళ్ళు తోముకునే బ్రష్షా?"

"మూత అంత బార్లా తెరిచావేం? ఊళ్ళో గాలినంతా భోజనానికి పిలిచావా?"

ఆ ఈసడింపు తెరలోంచి పోయి అవతల ప్లేట్ల మీద పడేది. ఎంత చెత్తగా గీసినవాడికైనా రెండు రోజుల్లో ప్లేటు నిండా ముత్యాలే.

ఈ కోర్సు నడిపే యజమానికి సైన్సంటే తెల్లకోటు. కోటు కింద నిక్కరు, కెమెరాకి నడుం దాకానే పని కదా! మైక్రోస్కోపులో ఏ కొసన కన్ను పెట్టాలో తెలియదు గానీ, "ఇంట్లోనే కూర్చుని శాస్త్రవేత్త అవ్వండి" అని ప్రకటనలు వేసేవాడు. ఆ పెట్టెలో ఏమీ నాటకుండా వదిలే ప్లేటు కూడా ఒకటి ఉంటుంది. అందులో ఏదైనా మొలిచిందా, చెయ్యి శుభ్రం లేదని లెక్క, మొత్తం పరీక్ష చెత్తబుట్టలోకే. ఆవిడ క్లాసులో అది కూడా నిండేది. ఈ మహానుభావుడు దానికీ ఫోటో తీసి కంపెనీలకి పంపి, "ఖాళీ ప్లేటు కూడా పండింది సార్!" అని మురిసిపోయేవాడు. ఉద్యోగాలిచ్చే కంపెనీలవాళ్ళు ఆ ఫోటో చూసి మరి ఫోనెత్తేవారు కాదు. ఇంతవరకూ ఒక్కరికీ పని దొరకలేదు. "చేతకాని మంద" అని టీచరమ్మ మూతి తిప్పుకునేది.

ఆ మందలో ఒక మాజీ బస్సు కండక్టర్ ఉన్నాడు. టిక్కెట్లు యంత్రం కొట్టడం మొదలెట్టాక ఇతన్ని ఇంటికి పంపేశారు. నోటికి మూత లేని మనిషి, గీత గీస్తూ కూడా "రైట్, రైట్" అనేవాడు. నీళ్ళ సీసాల కంపెనీ ఒకటి నీళ్ళు పరీక్షించే గదిలో పని ఇస్తానంది, ఆఖరి పరీక్షలో ఖాళీ ప్లేటు ఖాళీగా ఉంటేనే. లేకపోతే బావమరిది కొట్లో మూటలు మొయ్యాలి, బావమరిది వెటకారంతో సహా.

పరీక్షకి ముందు రోజు అతను గొంతు సవరించుకున్నాడు.

"మేడం గారూ, కోప్పడకండి. మొన్న మీకు నెట్ పోయి క్లాసు జరగలేదు చూడండి, ఆరోజు చేసిన నా ఖాళీ ప్లేటు అద్దంలా ఉందండి. మీరుంటేనే నిండుతోంది."

"నా మీదికే తోస్తావా? మూత పట్టుకోవడం చేతకాదు గానీ..."

"అదిగో, అదిగో, మొలుస్తున్నాయండి!" అంటూ ప్లేటు కెమెరా ముందు పెట్టాడు.

నిజమే. అద్దంలాంటి ప్లేటులో తెల్లటి చుక్కలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. టీచరమ్మ నోరు ఠక్కున మూతపడింది. ల్యాప్‌టాప్ మూసేసింది.

మర్నాడు పరీక్ష. తెర మీద కండక్టర్, నీళ్ళ కంపెనీ ఆఫీసరు, పిలవకపోయినా వచ్చిన యజమాని.

"మేడం, మీ స్టైల్లో రెండు తగిలించండి, ప్లేట్లు అదిరిపోవాలి!" అన్నాడు యజమాని. ఆఫీసరు వైపు తిరిగి, "ఆ దీపం అందానికి సార్" అని కూడా అన్నాడు.

టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు మూసుకుంటే చాలదే, ఈసడింపు చూపులో ఉన్నా ప్లేటు నిండుతుంది. గబగబా కండక్టర్ బొమ్మని తెరంతా పరిచింది. యజమాని కనబడకుండా పోయాడు. గొంతు కూడా వినబడకుండా నొక్కేసింది.

కండక్టర్ పెదాలు రెండూ లోపలికి మడిచి పెట్టుకున్నాడు. తీగ ఎర్రబడేదాకా ఆగాడు. చల్లారేదాకా ఆగాడు. మూతని ఒక్క పక్కన సందు మాత్రం లేపి, గీత గీసి, దించాడు. ఖాళీ ప్లేటు మూత కూడా అంతసేపే లేపి దించాడు. ఆవిడ అలవాటుకొద్దీ తప్పు కోసం వెతికింది. మణికట్టు దగ్గర వెతికింది, మంట దగ్గర వెతికింది, మూత దగ్గర వెతికింది. దొరకలేదు.

ఫలితం తెలియడానికి రెండు రోజులు పడుతుంది కదా, అందరూ వెళ్ళిపోయారు. వాళ్ళాయన వచ్చి గిన్నె ఎత్తి ఒంచాడు. తొణికి చొక్కా మీద పడింది.

"ఏమేవ్, ఇవి పాలే!" అని ఆవిడ నుదురు పట్టి చూశాడు. "ఒంట్లో బాగానే ఉందా? కొంపదీసి ఎవర్నన్నా మెచ్చుకున్నావా?"

ఆవిడ గిన్నెలోకి చాలాసేపు చూసి, ఫోను తీసింది.

"ఏవయ్యా కండక్టరూ, మూటలు మొయ్యడానికి రానని మీ బావమరిదికి చెప్పెయ్."

"ఇంకా రెండు రోజులుంది కదండీ మేడం గారూ?"

"చెప్పెయ్యమన్నానా!"

ఫోను పెట్టేసింది.

"బాగానే ఉంది. మరి మధ్యాహ్నం నేను దేంతో తినాలి?" అన్నాడు వాళ్ళాయన.

"ఆ గిన్నెలో గరిటె వేసి ఇక్కడ పెట్టండి" అని టీచరమ్మ ల్యాప్‌టాప్‌లో యజమాని ప్రకటన తెరిచింది. తెల్లకోటు తొడుక్కుని, మైక్రోస్కోపులోకి కింది నుంచి కన్ను పెట్టి నవ్వుతున్నాడు. ఆవిడ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చూసింది.

గరిటె నిటారుగా నిలబడింది.