చౌడమ్మ గుండ్రాయి

తెల్లవారుతోంది, ఆకాశం చింతపండు పిసికిన నీళ్ళ రంగులో మబ్బుపట్టి, వాన పడేదీ లేనిదీ తేల్చకుండా మా వాకిట్లోకి వంగి ఉంది, ఆ వాకిట్లో మా చెల్లెలు చౌడమ్మ కాళ్ళు చాపుకొని కూర్చుని చింతపండు కొడుతోంది. ఆమె పోయి ఏడాది దాటిందని నాకు తెలుసు, ఆమెకూ తెలిసే ఉంటుంది, ఆ సంగతి ఇద్దరం ఎత్తడం లేదు. చేతిలో రాయి లేదు. వట్టి పిడికిలితోనే కొడుతోంది, అయినా గింజలు టపటపా ఎగిరి పడుతున్నాయి.

"కూచో న్నా. నువ్వూ కొట్టు," అంటుంది. "నీకు రాదులే. నువ్వు కొట్టిన పండులో సగం గింజలు ఆడనే ఉంటాయి."

చౌడమ్మకు పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. బడికి పోలేదు గాని, పండు కొట్టడంలో మా ఊళ్ళో ఆమెను మించిన వాళ్ళు లేరు. నలభై ఐదు దాటాక మతిమరుపు జబ్బు పట్టుకుంది, ముందు దారి మరిచింది, తర్వాత మాట.

నేను కూర్చుంటాను, కూర్చున్నాక చూస్తే అది వాకిలి కాదు, ఆసుపత్రి బల్ల, గోడల వెంట పండు కుప్పలు పోసి ఉన్నాయి, అక్కడ వైద్యం చూసే అమ్మాయి మా మధ్య నిలబడి, చౌడమ్మను చూపించడానికి తీసుకుపోయిన రోజు చెప్పిన మాటే మళ్ళీ చెబుతోంది: "కొత్తవి నేర్పొద్దండి. చిన్నప్పటి నుంచి ఏం చేసేదో అదే చేతికివ్వండి. చేతులకు గుర్తుంటుంది." ఆ మాట విని ఆమె పాత గుండ్రాయిని నేనే కడిగి ఇచ్చాను. నెలల తరబడి గోడ చూస్తూ కూర్చున్న మనిషి ఆ పూటే రెండు దోసిళ్ళ పండు కొట్టి, "న్నా" అని పిలిచింది.

"రాయి యాడ పెట్టినావు న్నా?"

రాయి నా చొక్కా జేబులో ఉంది, బరువుకు జేబు కిందికి లాగుతోంది, ఆమెకు కనబడుతూనే ఉంది.

"పోయింది మే."

"అబద్దం."

"నువ్వు వేలు చితగ్గొట్టుకుంటివి. రత్తం కారతా ఉన్నా కొడతానే ఉంటివి. అందుకే పెరుక్కుంటి."

ఆమె బతికుండగా నేను ఒక్కసారీ ఇన్ని మాటలు మాట్లాడలేదు. మెత్తటిదేదన్నా ఇద్దామని మా ఇంటామె అన్నా వినలేదు, రాయి తీసుకుపోయి అటక మీద పెట్టాను, అంతే. ఆ తర్వాత నాలుగు నెలలు, పోయేదాకా, చౌడమ్మ వట్టి నేలను పిడికిలితో కొడుతూనే ఉంది.

బొటనవేలు నా ముఖం ముందు పెడుతుంది, గోరు నల్లగా ఉంది. "ఇది నొప్పి లేదు న్నా. రాయి పెరుక్కున్నాక నొచ్చె."

జేబులో చెయ్యి పెడతాను, రాయి అందదు, జేబు లోతుకు పోతోంది, మోచేయి దాకా, భుజం దాకా, ఇంతలో కుప్పలు పెరిగి ఆమె నడుము దాకా వచ్చాయి, అవి కప్పేసేలోగా అడగాలి, అడిగేస్తాను: "కడాకు నన్ను గుర్తుపట్టినావా మే?"

తేరిపార చూస్తుంది. "నువ్వెవురు?"

బాగున్న రోజుల్లో అది ఆమె పరాచికం. నేను చేని నుంచి రాగానే గడపలో అడ్డంగా నిలబడి "నువ్వెవురు?" అనేది, "చుట్టాన్ని" అంటే పగలబడి నవ్వేది. జబ్బులో మొదటిసారి అలా అడిగినప్పుడు కూడా నేను "చుట్టాన్ని" అనే అన్నాను. నవ్వలేదు. లోపలికి పోయి చాప తెచ్చి పరిచింది.

ఇప్పుడు "మీ అన్నను మే" అనాలని నోరు తెరుస్తాను, ఆమె పెదవి చివర నవ్వు ఉందో లేదో చూద్దామని వంగుతాను, పండు దుమ్ము అడ్డంగా లేస్తోంది, ఇంకొంచెం వంగుతాను...

"లెయ్యి. పొద్దు తిరిగింది, సంగటి ఆరిపోతాంది."

మా ఇంటామె గొంతు. మధ్యాహ్నం కునుకు పట్టినట్టుంది. రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. ముద్ద తుంచి చారులో అద్దుకుని నోట్లో పెట్టుకుంటే పంటికి గట్టిగా తగిలింది. తీసి చూశాను. చింతగింజ. ఈ ఏడు పండు కొట్టింది నేనే. చౌడమ్మ కొట్టినన్నాళ్ళూ మా చారులో గింజ రాలేదు.

దాన్ని కంచం అంచున పెట్టాను. మా ఇంటామె దాన్ని చూసింది, తర్వాత అటక వైపు చూసింది. తలలు వంచుకుని, కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.