ఆఖరి నెల చిట్టీ

నేను రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఏం చేసుకోవాలో చెప్పడానికి యాకుత్‌పురాలో ప్రతివాడూ పండితుడే. ఒకడు ఫండ్లన్నాడు, ఒకడు ప్లాటన్నాడు. పెళ్లీ పెటాకులూ లేనివాడివి, పోయినా అడిగేవాళ్లు లేరు, నీకేం భయమన్నారు. ఆ మాటకే నాకు ఒళ్లు మండేది.

చివరికి కైలాసం నడిపే చిట్టీలో చేరాను. అతనికి అఫ్జల్‌గంజ్‌లో పైపుల దుకాణం. ఇరవై మందిమి, ఇరవై నెలలు, నెలకోసారి పాట. అవసరమున్నవాడు తక్కువకే పాడుకుని ఎత్తుకుపోతాడు. అవసరం లేనివాడు ఆఖరిదాకా ఆగితే మొత్తం సొమ్మూ వస్తుంది. నాకేం తొందర, ఆగుతానన్నాను. పాటకు చోటు కావాలంటే మా ఇల్లే ఇచ్చాను.

నిజం చెప్పాలంటే నా లాభం అదే. నెలలో మొదటి ఆదివారం నా రెండు గదుల్లో ఒకటే లొల్లి. నా చాయ్‌కి వంకలు పెడుతూనే రెండోసారి అడిగేవాళ్లు. మిగతా రోజులన్నీ ఆ ఆదివారం కోసమే గడిపేవాణ్ణి.

ఇరవయ్యో నెల పొద్దున్నే పాలూ బిస్కట్లూ తెచ్చి, పక్కింటి కుర్చీలు కూడా వేశాను. పదకొండైనా ఒక్కరూ రాలేదు. కైలాసానికి ఫోన్ చేశాను.

"ఆఖరి నెల పాటేముంటదన్నా? మీరొక్కరే మిగిలిన్రు, ఎవరితోని పాడతరు? పైసలు మీ ఫోన్లకే ఏసెయ్యమని అందరికి చెప్పిన. ఆఖరిదాక ఆగి మీరు మస్తు తెలివైన పని చేసిన్రు. కొత్త చిట్టీకి పాట వాట్సాప్‌లనే, మీకు చాయ్ ఫికర్ ఉండది."

ఇన్ని లెక్కలు వేసినవాణ్ణి, ఇదెలా తోచలేదో! మధ్యాహ్నం దాకా ఫోను టింగుమంటూనే ఉంది. డబ్బులు పడ్డాయి, ఎవరూ మాట్లాడలేదు. నా ఒక్కడికే చాయ్ పెట్టుకున్నాను. ఏడుపొచ్చింది.

మర్నాడు బ్యాంకుకు పోయాను. కౌంటర్లో స్రవ్య అనే అమ్మాయి ఉంది.

"ఏ స్కీమ్ కావాలంకుల్?"

"నెలనెల వచ్చి మిత్తి తీసుకునేది."

"మిత్తి మీ అకౌంట్లనే పడతది. మీరు రానక్కర్లేదు. మూడేండ్లు కదిలియ్యకుంటే ఇంకా ఎక్కువొస్తది."

"ఎక్కువ వద్దు బిడ్డా," అన్నాను. "నాకు రావాలనుంది."