పేరు తీసేసిన గుండె

నేను గుండెకు స్కాన్ చేసే డాక్టర్ని. ప్రతి ఆదివారం పొద్దున్నే సోషల్ మీడియాలో ఒక స్కాన్ వీడియో పెట్టి "ఈ గుండెకు ఏమైంది?" అని అడగడం నాకు అలవాటు. గుండె మూడుసార్లు కొట్టుకునేంత ముక్క చాలు, అదే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. ఎక్కడెక్కడి డాక్టర్లో, చదువుకునే పిల్లలో జవాబులు రాస్తారు. సాయంత్రం నేను విడమరిచి చెబుతాను.

పెట్టేముందు పేరు, వయసు, తేదీ, నంబరు అన్నీ చెరిపేస్తాను. ఈ విషయంలో నా అంత చాదస్తం ఇంకొకరికి ఉండదు. పేషెంటు గుట్టు నా నోట్సులోంచి కూడా బయటపడకూడదని, ఏ ముక్క ఎవరిదో రాసిపెట్టుకోవడం కూడా మానేశాను. అదో పెద్ద తెలివి అనుకున్నాను.

ఆ ఆదివారం పెట్టింది సరిగ్గా మూసుకోని వాల్వ్. పన్నెండింటికల్లా రెండు వందల జవాబులు, అన్నీ సరైనవే. "అందరికీ నూటికి నూరు" అని రాసి అన్నానికి లేస్తుంటే ఇంకొకటి వచ్చింది. రాసింది ఎక్కడో దూరాన పనిచేసే ఒక పెద్దాయన. ముఖపరిచయం లేదు కానీ ఆయన మాటంటే నాకు గురి.

"వాల్వ్ సంగతి సరే. గుండెకు ఎడమవైపు పై గదిలో వేలాడుతున్నదాన్ని తీసేశారా?"

వేలాడటమేమిటి, పెద్దాయనకు చత్వారం ముదిరింది అనుకున్నాను. అయినా మనసొప్పక వీడియోను ఒక్కో ఫ్రేమూ జరిపి చూశాను. మొదటిసారి కొట్టుకున్నప్పుడు ఏమీ లేదు. రెండోసారి, పై గది మూల నుంచి ద్రాక్షపండంత గడ్డ ఒకటి సన్నటి కాడతో తొంగి చూసి వెనక్కి పోయింది. మూడోసారి మళ్ళీ లేదు. నేను వాల్వ్ చూశాను. నేను చూసిన చోటే రెండు వందల మందీ చూశారు.

 అలాంటి గడ్డ ఏ క్షణాన్నైనా తెగి రక్తంలో కొట్టుకుపోవచ్చు. మెదడుకు చేరితే పక్షవాతం, లేదా ప్రాణమే పోవచ్చు. ఆ మనిషిని వెంటనే పిలిపించాలి. ఎవర్ని?

మా స్కాన్ టెక్నీషియన్‌కు ఫోన్ చేశాను. ఆయన్ని అందరం మౌనిగారు అంటాం, నోరు మూతపడదు కనుక.

"ఎవరిదో రాసుకోలేదా మేడం?"

"లేదు."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదు మౌనిగారూ."

ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి ఆయన పేరు నిలబెట్టుకున్నారు. కాసేపాగి "వస్తున్నా" అన్నారు.

ఆదివారం ఆసుపత్రిలో స్కాన్ గదుల వైపు ఎవరూ రారు. ఏసీ కూడా ఆపేసి ఉంది. పెద్ద తెర మీద ఆ ముక్కను వేసి ఇద్దరం కూర్చున్నాం. పక్కన మంచం ఖాళీగా ఉంది. ఎదురుగా మనిషి లేకుండా ఒక గుండెను అంతసేపు చూడటం నాకు అదే మొదలు. చప్పుడు లేదు. మూడుసార్లు కొట్టుకుంటుంది, చిన్నగా ఉలిక్కిపడుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ప్రతిసారీ ఆ గడ్డ వచ్చి మమ్మల్ని చూసి పోతున్నట్టే ఉంది. నాకు భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

"ఈ నల్లగీత చూడండి" అన్నారు మౌనిగారు, బొమ్మ అంచున వేలు పెట్టి. "ఇది రెండో స్కాన్ గది మిషన్‌ది. ఛాతీకి ఆనించే ప్రోబ్ పాడై ఇలా గీత పడుతుంటే, పోయిన నెల మార్చేశాం కదా. ఓ మూడు వారాలు పడిందేమో, అంతే."

ఆ మూడు వారాల్లో రెండో గదిలో నూట నలభై మంది. వాల్వ్ లీకున్నవాళ్ళు ముప్పై ఒక్కరు. ఒక్కొక్కరి స్కానూ తెరిచి, నా ముక్క పక్కన పెట్టి పోల్చడం మొదలుపెట్టాం.

మధ్యలో అక్క ఫోన్ చేసింది. "ఏమే, నీ గుండె వీడియో మన ఫ్యామిలీ గ్రూపులోకి కూడా వచ్చింది. ఎవరో పాట కూడా తగిలించారు. ఇంతకీ ఆ మనిషి బాగున్నట్టేనా?"

"బాగున్నారు" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. అప్పటికి దాన్ని పదకొండు వేల మంది చూశారు. అందరూ అదే అడుగుతున్నారు.

పంతొమ్మిదోది సరిపోయింది. అదే లీకు, అదే గడ్డ, చివర అదే ఉలికిపాటు. యాభై రెండేళ్ళ ఆవిడ, బట్టలు కుడుతుంది. నంబరుకు ఫోన్ చేస్తే భర్త ఎత్తాడు.

"ఆవిడ ఉన్నారా అండీ?" అన్నాను. 

"ఉందండి, పడుకుంది. పొద్దున్నుంచి ఒంట్లో నలతగా ఉందంటోంది."

"లేపండి. అంబులెన్స్ పంపిస్తున్నాను."

అరగంటలో వచ్చారు. ఆవిడ చక్రాల కుర్చీలో నవ్వుతూనే ఉంది. "ఆదివారం పూట కూడా మీకు సెలవు లేదా అమ్మా" అని నన్నే పరామర్శించింది. పడుకోబెట్టి ప్రోబ్ ఆనించాను.

పై గది ఖాళీ.

పక్కకు తిప్పాను, కింద నుంచి చూశాను, ఊపిరి బిగబట్టమన్నాను. శుభ్రంగా ఉంది. పదకొండు వేల ఫోన్లలో ఊగుతున్నది ఇక్కడ లేదు.

"మేడం, మనం వేరేవాళ్ళని పిలిచామా?" అన్నారు మౌనిగారు నెమ్మదిగా.

లేదు. ఈవిడే. మళ్ళీ చూస్తే, గుండె గోడ మీద తెగిన కాడ మొదలు ఇంకా కదులుతోంది.

"ఏమీ లేదన్నమాట" అన్నాడు భర్త, ఊపిరి వదులుతూ.

"నేను చెప్పలేదూ?" అంది ఆవిడ. "ఈ కుడికాలొక్కటే, నాది కానట్టుంది. ఒత్తిగిలి పడుకున్నానేమో."

మంచం అటు చివరికి వెళ్ళి దుప్పటి ఎత్తాను. ఎడమ పాదం వెచ్చగా ఉంది. కుడి పాదం గచ్చులా చల్లగా ఉంది, పాలిపోయింది. వేళ్ళు ఆనించి ఎంత వెతికినా నాడి దొరకలేదు.

"ఎన్నింటి నుంచమ్మా?"

"పదింటి నుంచి."

ఇంకో పదినిమిషాల్లో మూడవుతుంది. సర్జన్‌కు ఫోన్ చేశాను. "ఆరు గంటలు దాటలేదు కాబట్టి ఇంకా టైముంది. కాలు దక్కుతుందని మాటివ్వలేను, ముందు తీసుకురండి" అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఆవిడ పక్కన కూర్చున్నాను. "అమ్మా, పోయిన నెల మీకు స్కాన్ చేసినప్పుడు గుండెలో ఒక గడ్డ ఉంది. నేను చూడలేదు. ఇవాళ అది తెగి కాలికి చేరింది. తప్పు నాదే."

భర్త లేచి నిలబడ్డాడు.  ఈలోగా ట్రాలీ వచ్చింది.

"ఆపరేషన్‌లో మీరు కూడా ఉంటారా?" అంది ఆవిడ.

"ఉంటానమ్మా. గొంతులోంచి గొట్టం దించి గుండె లోపల ఇంకేమైనా మిగిలిందేమో చూడాల్సింది నేనే."

"అయితే ఈసారి మొత్తం చూడండి" అంది.