వంటింట్లో సున్నా మంది

గుడివాడ నుంచి బందరు వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం అదృష్టమనుకునేవాళ్ళు ఆ కిటికీని ఒక్కసారి జరిపి చూడాలి. వానాకాలంలో మూసుకోదు, ఎండాకాలంలో తెరుచుకోదు. ఏప్రిల్ నెలలో ఓ మంగళవారం ఉమాశ్రీ దాన్ని రెండు చేతులతో తోసింది, మోచేత్తో పొడిచింది, చివరికి లాప్‌టాప్ సంచితో కూడా నెట్టింది. వెనక సీటాయన “అది పదేళ్ళుగా అంతేనమ్మా, మేం అలవాటు పడిపోయాం” అని ధైర్యం చెప్పి, తెరిచి ఉన్న తన కిటికీలోంచి హాయిగా బయటికి చూడసాగాడు.

ఉమాశ్రీ ఆర్కిటెక్చర్ చదివి గుడివాడలో పాండురంగ గారి ఆఫీసులో పనిచేస్తోంది. ఏడాదిగా ట్రైనీయే. “అపాయింట్‌మెంట్ లెటరెంతసేపమ్మా, ప్రింటర్ బాగవ్వగానే” అంటుంటారాయన. ఈసారి మాత్రం ప్రింటర్ ఊసెత్తకుండా తేల్చి చెప్పారు. బందరులో ఆత్రేయ మాస్టారి కొత్తింటికి ఎనర్జీ మోడల్ చేసి, హరిత భవనం సర్టిఫికెట్ వచ్చేలా చూస్తే మర్నాడే లెటర్.

ఎనర్జీ మోడలంటే ఇంటిని ముందు కంప్యూటర్లో కట్టి, అందులోకి ఏడాది ఎండనీ గాలినీ వదిలి చూడటం. ఏ గోడ ఎటువైపు, కిటికీ ఎంత, ఏ గదిలో ఏ వేళకి ఎందరుంటారు, ఏం చేస్తుంటారు, ఇవన్నీ నింపితే ఉడికిపోయే గదులు ఎర్రగా, చల్లటి గదులు నీలంగా బొమ్మ వస్తుంది. మనుషులుండే గదుల్లో ఎరుపు ఉండకూడదు, అంతే. కట్టకముందు చెయ్యాల్సిన పని ఇది. కానీ ముహూర్తం ఆగదు కాబట్టి మాస్టారి ఇల్లు అప్పటికే కిటికీల ఎత్తుకు లేచింది.

ఆత్రేయ మాస్టారు లెక్కల లెక్చరరుగా రిటైరయ్యారు. ఉక్కపోత మీద ఆయనకు ప్రత్యేకంగా కోపమేమీ లేదు. విజయవాడలో తోడల్లుడి గేటు స్తంభానికి హరిత భవనం ఫలకం ఉంది, అదీ అసలు ఉక్క. అందుకే శంకుస్థాపన కంటే ముందే నల్ల గ్రానైట్ ఫలకం చెక్కించేశారు. తోడల్లుడి దానికన్నా అన్నివైపులా ఆరంగుళాలు ఎక్కువ.

ప్రస్తుతం వాళ్ళుండేది బందరులోనే అద్దింట్లో. ఉమాశ్రీ అక్కడ లాప్‌టాప్ తెరిచి ప్రశ్నలు మొదలుపెట్టింది.

“కొత్తింట్లో హాల్లో ఎవరెవరు ఎంతసేపుంటారు మాస్టారూ?”

“హాల్లో ఎవరూ ఉండరమ్మా. హాలు చుట్టాలకి.”

“మరి ఏసీ?”

“అదీ చుట్టాలకే. మా తోడల్లుడొస్తే వేస్తాం. ఏడాదికి నాలుగు రోజులు రాసుకో. ఆయనకి నిద్రపట్టగానే ఆపేస్తాంలే.”

“వంటింట్లోనో?”

“వంటెంతసేపమ్మా! అరగంట.”

ఉమాశ్రీ వచ్చి అప్పటికి రెండు గంటలైంది. ఆ రెండు గంటల్లో మాస్టారి భార్య ఆండాళ్ వంటింట్లోంచి రెండేసార్లు బయటికొచ్చింది, ఒకసారి కాఫీతో, ఒకసారి మజ్జిగతో. ఖాళీ గ్లాసు ఇచ్చే వంకతో ఉమాశ్రీ లోపలికెళ్ళి అడిగింది. ఆండాళ్ వేళ్ళు మడిచింది. “పొద్దున కాఫీలు, టిఫిను, వంట, ఆయన మజ్జిగ, మూడింటి కాఫీ, రాత్రికి చపాతీలు... ఏడు గంటలవుతుందేమోనమ్మా. ఎవరు చూశారు?”

ఆ తరవాత చెంగుతో మెడ తుడుచుకుంటూ అంది. “నాగాయలంకలో మా పుట్టింటి వంటింటికి తూర్పు కిటికీ ఉండేది. మధ్యాహ్నం సముద్రం గాలొస్తే పొయ్యిలో మంట పక్కకి వాలేది. మా అమ్మ గాలిని తిట్టేది. నాకో కిటికీ పెట్టవే అమ్మాయ్, నేనూ తిట్టుకుంటాను.”

“పెడతాను పిన్నిగారూ” అంది ఉమాశ్రీ. మాట ఇవ్వడానికి ట్రైనీలకు పర్మిషన్ అక్కర్లేదు.

మర్నాడు మోడల్ నడిపితే ఎవరూ కూర్చోని హాలు నీలంగా నిగనిగలాడింది. ఏడు గంటలు మనిషుండే వంటిల్లు ఎర్రగా కాలిపోయింది. దక్షిణాన పక్కింటివాళ్ళ గోడ ఆనుకుని ఉంది. మిగిలింది వీధివైపు తూర్పుగోడ ఒక్కటే. అందులో మూడడుగుల కిటికీ పెట్టగానే ఎరుపు దిగిపోయింది. ఉమాశ్రీ అప్పయ్య మేస్త్రీకి ఫోన్ చేసి అక్కడ ఖాళీ వదలమంది.

శుక్రవారం మాస్టారు గుడివాడ ఆఫీసుకొచ్చి బొమ్మ చూశారు.

“ఇదేంటమ్మా, వంటింటి కిటికీ వీధిలోకా? నా ఫలకం పెట్టేది అక్కడే కదా!”

“గేటు స్తంభానికి పెట్టుకోవచ్చు కదండీ?”

“మా తోడల్లుడు స్తంభానికే పెట్టాడు. చూసి కాపీ కొట్టానంటాడు.”

“కిటికీ తీసేస్తే వంటిల్లు ఎరుపండీ. సర్టిఫికెట్ రాదు.”

పాండురంగ గారు తల పట్టుకున్నారు. మాస్టారు మాత్రం కళ్ళు మూసుకున్నారు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, జవాబు ముందు తెలిస్తే లెక్క వెనక నుంచి చెయ్యగలరు. “మనుషులుండే గదులే కదా చూసేది? వంటింట్లో ఎవరూ లేరనుకో. స్టోర్ రూమ్ అని రాయి.”

“మాస్టారంటే మాస్టారే!” అన్నారు పాండురంగ గారు.

“ఇంట్లో ఇద్దరని అప్లికేషన్లో ఉందండీ. పిన్నిగారిని ఎక్కడ పెట్టను?”

“హాల్లో కూర్చోబెట్టు” అన్నారు మాస్టారు ఉదారంగా.

కూర్చోబెట్టింది. ఏం చేస్తున్నారన్న గడిలో ‘విశ్రాంతి’ అని నింపింది. మోడల్ నడిస్తే ఇల్లంతా కృష్ణా కాలువలా నీలం. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. అయినా మాస్టారు రోజూ పన్నెండున్నరకి భోజనాల గదిలో భోంచేస్తూనే ఉన్నారు.

స్థలం పుట్టింటివాళ్ళు ఆండాళ్‌కి రాసిచ్చింది కాబట్టి అప్లికేషన్ మీద సంతకం ఆవిడది కావాలి. శనివారం ఉమాశ్రీ మళ్ళీ అదే బస్సెక్కింది. కిటికీ జోలికి పోలేదు.

ఆండాళ్ చెయ్యి తుడుచుకుని బొమ్మ వంక చూసింది. “ఇందులో నేనెక్కడున్నానే అమ్మాయ్?”

“హాల్లో ఉన్నారు పిన్నిగారూ.”

“ఏం చేస్తున్నాను?”

“కూర్చున్నారు. రోజుకి ఏడు గంటలు.”

“ఏడు గంటలే! ఎవరొచ్చారు చుట్టాలు?”

మాస్టారు పేపరు తిప్పారు. ఆండాళ్ బొమ్మలో వంటింటి గోడ మీద వేలు పెట్టింది. కిటికీ ఉండాల్సిన చోట గోడే ఉంది. ఉమాశ్రీ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. లోపల కుక్కరు కూసింది.

“పోనీలే, అందులోనన్నా కూర్చున్నాను” అని ఆండాళ్ చూపించిన చోట సంతకం పెట్టి లోపలికెళ్ళిపోయింది. పెన్నుకి చెమట అంటింది.

బస్టాండులో ఉండగా అప్పయ్య ఫోన్ చేశాడు. “అమ్మాయిగారూ, తూర్పుగోడలో మూడడుగులు వదిలాను. పాండురంగ గారేమో పూడ్చెయ్యమంటున్నారు. డ్రాయింగు మీద పేరు మీది, మీరు ఊ అనందే నేను ఇటుక పెట్టను. సోమవారం ఎనిమిదింటికి సిమెంటు మాలు కలుపుతాను. ఏం చెయ్యమంటారు?”

“చెప్తాను” అంది ఉమాశ్రీ. ఇంకా చెప్పలేదు.

ఇవాళ ఆదివారం. కిటికీ పెట్టమంటే ఆవిడకి గాలొస్తుంది, ఫలకానికి చోటు పోయి మాస్టారికి కోపమొస్తుంది, ఈ పిల్లకి లెటర్ రాదు. పూడ్చమంటే ప్రింటర్ వెంటనే బాగవుతుంది. లెటర్ వదులుకోమని చెప్పడానికి ఈ కథ చెబుతున్నవాడికి నోరు రావడం లేదు, ఎందుకంటే తను ఫ్యాను కింద కూర్చుని చెబుతున్నాడు. అయ్యా, అమ్మా, మీరైనా ఓ దారి చెప్పండి, దణ్ణం పెడతాను. మీకూ తోచకపోతే కాస్త లేచి మీ వంటింట్లో ఎవరున్నారో చూసి, వాళ్ళనే అడిగి చెప్పండి. రేపు ఎనిమిదిలోపు.