ఉప్పుగాలి పాట

ఫ్యాక్టరీకి బయల్దేరబోతూ తాళం తిప్పిన యోహాన్‌కు, ఈ వారంలో మూడోసారి కారు బ్యాటరీ చచ్చిపోయిందని తెలిసింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉద్యోగం ఉండదని అచ్యుతాపురం మేనేజరు నిన్ననే చెప్పాడు.

పై వాటాలో ఉండే చెల్లెలి మొగుడు ఫ్రాన్సిస్, ఎవరూ అడక్కుండానే వైద్యం చెప్పే మహానుభావుడు, అప్పటికే బానెట్ మీదికి వంగాడు.

"ఉప్పుగాలి బావా! సముద్రం పక్కన బేటరీ ఆగుతాదేటి?"

మొన్న ఇదే నోటితో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందన్నాడు. నిన్న ఎలుకలన్నాడు. యోహాన్ పాపం రెండూ మెకానిక్‌కు చూపించాడు. ఆల్టర్నేటర్ నిక్షేపంలా ఉంది, ఎలుక జాడే లేదు. కారు ఆపి మీటరు పెడితే కరెంటు చుక్క కూడా కారడం లేదు. అంటే ఎవరో కూర్చుని తాగేస్తున్నారు.

పక్కింటి కారుకు వైర్లు కలిపి ఇంజను స్టార్ట్ చేశాడు. అంతే, మాటల్లేని ఈస్టర్ పాట ట్యూను స్టీరియోలోంచి వీధంతా మోగింది.

"ఉప్పుగాలికి పాటలు కూడా వచ్చా బావా?" అన్నాడు యోహాన్.

ఫ్రాన్సిస్ బానెట్ వదిలేశాడు.

"నానే బావా. నీ రెండో తాళం అట్టుకెళ్లి, రోజూ రేత్రి అన్నం తిన్నాక అద్దాలెత్తేసి, ట్యూనెట్టుకుని సాధన సేత్తన్నాను. ఈసారి సర్చిలో సోలో నాకే ఇచ్చారు మరి. ఇంట్లో పాడితే మీ సెల్లి గెంటేసింది. కారైతే ఏటీ అనదనుకున్నాను."